తల్లి కాదు, చెదలు

ఫలానా వాళ్లింట్లో దేవత వెలిసిందట అని ఎవరైనా కళ్లు పెద్దవి చేసుకుని చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఇంట్లోనూ వెలిసింది లెండి. డెబ్భైల చివర్లో, ధర్మవరంలో, మగ్గాల వీధిలో, మా నాయన చీరలు నేసే గదిలో ఒక మూలన వెలిసింది. బస్సులెక్కి వచ్చి మరీ జనం మొక్కిపోయారు. ఆ దేవతను నేను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. అది చెదలు. పాలిపోయిన ఒళ్లు, తీరని ఆకలి, అంతకు మించి అందులో ఏమీ లేదు. వెర్రితనమంతా చుట్టూ ఉన్నవాళ్లదే.

మాది మా తాత కట్టిన మట్టిమిద్దె. మట్టి గోడలు, గోడల మీద అడ్డంగా వేపమాను దూలాలు, వాటి మీద సన్నటి దంతెలు, ఆ పైన జానెడు మందాన చవుడు మన్ను. వాన పడితే ఆ మన్ను నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఆ బరువంతా మోసేది దూలమే. తాత పోయాక ఇల్లు రెండు వాటాలైంది. నడిమి గోడకు అటువైపు మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, ఇటువైపు మేము. మా వాటాలో చెప్పుకోదగ్గది మగ్గం గది ఒక్కటే. గది మధ్యలో గుంత, ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని మా నాయన తెల్లారినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ వరకు పట్టుచీర నేసేవాడు. సరిగ్గా ఆయన నెత్తి మీద దూలం. దాని ఒక కొన నడిమి గోడలో, రెండో కొన వీధి గోడలో. అది కిందికి వస్తే ఆయన మీదికే వస్తుంది. ఈ ముక్క అర్థం చేసుకోవడానికి తలకాయ ఉంటే చాలు.

మా సీమలో వానలు తప్పిన ఏడు మనుషుల గతి ఎట్లా ఉన్నా చెదలకు మాత్రం ఇళ్లలో పండగ. చేలల్లో వేరుశనగ కట్టె కూడా మిగలదు, ఇక అవి ఊళ్లోకి రాక ఎక్కడికి పోతాయి? అందుకని మా అమ్మ ఏటా ఎండాకాలంలో కొంగు నడుముకు చుట్టేది. పాత కత్తితో గోడల మీది మట్టి చారలు గీకేసేది. కానుగ నూనె కాచి, కట్టెకు గుడ్డ పేలిక చుట్టి, నిచ్చెన ఎక్కి దూలాల కొనలకు, మగ్గం కొయ్యలకు పట్టించేది. ఆ వాసనకు రెండు రోజులు అన్నం సహించేది కాదు. చివర్లో రోకలితో దూలాన్ని ఒక్కొక్క చోట తట్టి, చెవి పెట్టి వినేది. "గట్టిగానే పలుకుతాండాది" అని అప్పుడు దిగేది నిచ్చెన. కింద నిచ్చెన పట్టుకుని నేను సణుగుతూ ఉండేదాన్ని.

ఆ ఏడు మా అమ్మమ్మకు జబ్బు చేసింది. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని మడకశిర దగ్గర తన పుట్టింటికి వెళ్లింది. ఆ ముసలామె మంచం దిగేదాకా మా అమ్మ తిరిగి రాలేకపోయింది, ఎండాకాలం సగం అక్కడే గడిచిపోయింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మేము తిరిగి వచ్చి బస్సు దిగి ఇంటికి చేరేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట. మా అమ్మ సంచి అక్కడే దించేసి పరుగు తీసింది. ఇంట్లో ఎవరో పోయారనే అనుకుంది పాపం.

ఎవరూ పోలేదు. మగ్గం గదిలో నడిమి గోడ మూలన మోకాలి ఎత్తు పుట్ట లేచి ఉంది. దానికి పసుపు, కుంకుమ, చేమంతి దండ. ముందర దీపం. పక్కన పీట వేసుకుని మా పెద్దనాయన.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఒకప్పుడు నేసేవాడట. నడుము నొప్పి అని మగ్గం మానేశాడు. ఆ నడుము నొప్పి హార్మోనియం ముందు కూర్చుంటే రాదు, అరుగు మీద రోజంతా కబుర్లు చెబితే రాదు, పెళ్లిళ్లలో మూడో వరస పెట్టించుకుని తింటే రాదు. మగ్గం పేరు చెబితే మాత్రం వచ్చేస్తుంది. కుర్రతనంలో నాటకాల్లో రాజు వేషాలు కట్టాడు. నాటకాలు పోయినా వేషం దిగలేదు. ఉప్పు అందుకోవాలన్నా గొంతు సవరించుకుని మాట్లాడేవాడు.

"కాళ్లు కడుక్కోని రామ్మా" అన్నాడు మా అమ్మతో. "మనింట్లో తల్లి వెలిసింది."

మా అమ్మ గడప మీదే నిలబడి పుట్టను చూసింది. పుట్ట మీది నుంచి గోడ వెంబడి పైకి పాకిన మట్టి చారను చూసింది. అది దూలం దాకా పోయింది.

"ఏ తల్లి బావా? అవి చెదలు కదా!"

గదిలో ఉన్న ఆడవాళ్లందరూ చెంపలు వేసుకున్నారు. మా పెద్దనాయన కళ్లు మూసుకుని, తల అడ్డంగా ఊపి, మూర్ఖుల్ని క్షమించే రాజులాగా నవ్వాడు.

"ఆ మాట అనగూడదు. బిడ్డకు ఒంటి మీద పోస్తే జబ్బు అంటామా? అమ్మ పోసింది అంటాం. ఇదీ అట్లే. ఇగ మీద ఈ ఇంట్లో ఆ మాట ఇనపడగూడదు. తల్లి అనాల."

అట్లా మా ఇంట్లో ఒక మాట నిషేధమైంది. నేను దాచుకున్న పరికిణీ కొరికేస్తే "తల్లి ముట్టిందే, అదృష్టవంతురాలివి" అన్నారు. గోడ మీది క్యాలెండరు వెనక నుంచి సగం తినేస్తే "తల్లి పాకింది" అన్నారు. పిడకల గూట్లో పిడకలు పొడైపోతే దండం పెట్టుకున్నారు. నాకు ఆ పరికిణీ మీద ఎంత ప్రాణమో! గులాబీ రంగుది. అదృష్టమట, అదృష్టం.

మా అమ్మ తక్కువ మనిషి కాదు. బావ ముందర నోరెత్తని రోజులవి, నిజమే. "సరే బావా, చెదలు అననులే" అంది బుద్ధిగా. ఆ రోజు నుంచి "గెద్దలు" అనడం మొదలుపెట్టింది. కన్నడంలో చెదలను అదే అంటారు. మడకశిర పిల్లకు కన్నడం నోట్లో నానుతూనే ఉండేది. "గెద్దలు దూలం దాకా పోయినాయి బావా", "గెద్దలు మగ్గం కాలును పట్టినాయి బావా" అని పొద్దున్నే వెళ్లి చెప్పేది. మా పెద్దనాయనకు కన్నడం రాదా? బ్రహ్మాండంగా వచ్చు. కానీ ఆయన నిషేధించింది తెలుగు మాటను మాత్రమే. విన్నప్పుడల్లా మీసం సవరించుకునేవాడు.

మా నాయన ఏమన్నాడని అడుగుతారేమో. ఏమీ అనలేదు. అమ్మానాన్నలు చిన్నప్పుడే కాలం చేస్తే అన్న పెంచాడట. మా పెద్దనాయన ఆ సంగతిని మా నాయనకు మరిచిపోయే అవకాశం ఇచ్చేవాడు కాదు. "నిన్ను చంకనెత్తుకోని తిరిగినాన్రా" అని మొదలుపెట్టేసరికి మా నాయన తల గుంతలోకి వంగిపోయేది. మేం ఊళ్లో లేనప్పుడు ఆయన మూలన మట్టి లేవడం చూశాడు, గీకేద్దామని కత్తి కూడా తీశాడు. అంతలో అన్న వచ్చి చేయి పట్టుకున్నాడు. కత్తి గూట్లోకి పోయింది. అంతే కథ.

ఇక జనం. కళ్యాణదుర్గం వైపు నుంచి కూడా వచ్చారు. ఆ ఏడు మా వీధి కొళాయిలో బిందె నిండడానికి ఆడవాళ్లు జుట్లు పట్టుకునేవాళ్లు. అలాంటి ఊళ్లో చెంబులకు చెంబులు పాలు తెచ్చి ఆ మూలన పోసేవారు. పాలు, పసుపు నీళ్లు, కొబ్బరి నీళ్లు. కరువులో ఎండి చావాల్సిన చెదలకు మా వాళ్లు కూర్చోబెట్టి తాగించారు. గోడ అడుగు ఎప్పుడూ తడితడిగా ఉండేది. చెదలకు కావాల్సింది తడి, చీకటి, కొయ్య. మూడూ మా ఇంట్లో సమకూరాయి. పూజారి కూడా సమకూరాడు.

"తాగేదానికి చుక్క లేదు. గెద్దలకు మాత్రం పాలు" అని మా అమ్మ పళ్లు కొరికేది.

ఒక ఆఫీసరు గారి భార్య జీపులో వచ్చింది. చలవ కళ్లద్దాలు తీసి, పుట్ట ముందు సాష్టాంగపడింది. లేచి, "ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇక్కడ" అంది. ప్రశాంతం! ఆ పక్కనే మా నాయన దారం కండె ఉన్న నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ టకటకమని నేస్తున్నాడు. ఆమెకు ఆ చప్పుడు కూడా వినపడలేదు, మనిషి కనపడలేదు. మగ్గం మీది చీర రంగు మాత్రం బాగుందని చెప్పింది.

మా అమ్మ ఒక ఉపాయం పన్నింది. పుట్టమన్ను మంచిదని, చెవి నొప్పికి పూసుకోవచ్చని అందరూ నమ్ముతారు కదా. వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టింది. "చిటికెడు ఏం సరిపోతాదక్కా? దోసెడు తీసుకపో. ఇంటి చుట్టూ చల్లుకో. మీ అత్తకు కూడా తీసుకపో." సంచులు కూడా తానే ఇచ్చింది. జనం తవ్వుకుపోతే పుట్ట పోతుందని ఆమె లెక్క. సాయంత్రానికి నిజంగానే చీలమండ ఎత్తుకు దిగిపోయేది. తెల్లారేసరికి మళ్లీ లేచేది, తడి తడిగా, కొత్త మట్టితో, ముందు రోజు కంటే కాస్త ఎక్కువగా. చెదల పనే అది, ఇల్లు పడగొడితే ఊరుకుంటాయా? మా పెద్దనాయన ఆ కొత్త మట్టి చూపించి గొంతు సవరించుకున్నాడు.

"చూసినారా? ఎంత పంచినా తరగకుండా ఉండాది. ఇది మహిమ కాకుంటే ఏమప్పా?"

దాంతో రెట్టింపు జనం వచ్చారు. మా అమ్మ నుదురు కొట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు, ఆమె చేతిలో దెబ్బ కూడా తిన్నాను.

ఆ తర్వాత ఒక రోజు మా అమ్మ పెద్దమ్మ దగ్గర జల్లెడ అడిగి తెమ్మంటే వాళ్ల వాటాలోకి వెళ్లాను. గడప దాటగానే ఆగిపోయాను. కానుగ నూనె వాసన. తల తిరిగే ఆ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తలెత్తి చూశాను. వాళ్ల దూలాలన్నీ నల్లగా, జిడ్డుగా మెరుస్తున్నాయి. ద్వారబంధాలకు నూనె. మంచం కోళ్ల కింద సున్నం. హార్మోనియం పెట్టె దగ్గరికి వెళ్లి వేలితో రాసి చూస్తే వేలు జిడ్డయింది. దాని చుట్టూ నేల మీద చెదల మందు పొడి గీత గీసినట్టు చల్లి ఉంది.

"పెద్దమ్మా, ఏందిది?" అన్నాను.

మా పెద్దమ్మ చెడ్డది కాదు. మొహం పక్కకు తిప్పుకుని, "నన్నెందుకు అడుగుతావు పాపా, ఆయన్నే అడుగు" అంది.

అడిగాను. నాకేం భయం? అరుగు మీద తమలపాకు నములుతున్న ఆయన ముందు నిలబడి, "పెద్దనాయనా, తల్లి మీ ఇంట్లోకి రాకూడదా?" అన్నాను.

ఆయన తడబడను కూడా లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. "అది ఎలకలకు చల్లినాను లేమ్మే" అన్నాడు. "హార్మోనియం తిత్తిని ఎలకలు కొరుకుతాండాయి."

దూలాలకు కూడా ఎలుకలేనా అని అడిగితే, పెద్దల ముందు నోరు లేస్తోందని మా నాయనకు చెప్పి నన్ను తిట్టించాడు. మా నాయన తిట్టలేక తిట్టాడు. అటు దారి మూసేస్తే చెదలు ఎటు పోతాయి? ఇటే. గోడకు అటువైపు మందు, ఇటువైపు పాలు. తమ్ముడి వాటాలోకి దేవతను సాగనంపి, ఆ దేవతకు తానే పూజారిగా కూర్చున్నాడు. అంత తెలివిని ఒక్క చీర నేయడంలో చూపించి ఉంటే మా వంశం బాగుపడేది.

ఆ సాయంత్రం మా అమ్మ పుట్ట పక్కనే నిచ్చెన వేసింది. రోకలి తీసుకుని పైకెక్కి దూలాన్ని తట్టింది. నేను కింద నిలబడి విన్నాను. వీధి గోడ వైపు గట్టిగా పలికింది. మధ్యకు వచ్చేసరికి మెత్తబడింది. నడిమి గోడ వైపు కొనను తట్టితే ఖాళీ డబ్బా చప్పుడు. మా అమ్మ ఇంకోసారి తట్టలేదు. దిగి, చేతులు తుడుచుకుని, నేరుగా బావ దగ్గరికి వెళ్లింది.

"బావా, మీరు తల్లి అంటారో ఇంకోటి అంటారో మీ ఇష్టం. దూలం లోపల ఏమీ మిగల్లేదు. పొద్దున లేసి మీ తమ్ముడు దాని కిందే కూచుంటాడు. గుంజ పాతి ఊతం పెట్టనీయండి. అంతే నేనడిగేది."

గుంజ పాతాలంటే ఆ కొన కిందే గుంత తవ్వాలి. ఆ కొన కింద పుట్ట ఉంది.

"తల్లి మీద గడ్డపార దించుతావా? వంశం నాశనమైపోతాది!"

"ఆ మనిషి పోతే నాకు వంశం యాడుంటాది బావా?"

మా పెద్దనాయన తమ్ముడి వైపు తిరిగాడు. "ఏమ్రా, నీ పెండ్లానికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మా నాయన మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. దూలం వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. "అన్న వద్దంటాండాడు కదే. గమ్మునుండు" అన్నాడు. కనీసం మగ్గాన్ని పక్కకు జరుపుకోమని మా అమ్మ బతిమాలింది. గుంత మగ్గాన్ని జరపడమంటే మంచాన్ని జరపడం కాదు, కొత్త గుంత తవ్వాలి, పడుగు దారాలన్నీ విప్పాలి. మగ్గం మీద సగం చీర ఉంది. "ఈ చీర కోసినాక చూస్తాంలే" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ దాని కిందే కూర్చున్నాడు. మా అమ్మ గడప దగ్గర కూర్చుని కండెలు చుట్టేది. చేతులు రాట్నం మీద, కళ్లు దూలం మీద. మంచిదనం అంటే నాకు గౌరవమే. కానీ నెత్తి మీద విరగబోయే దూలం పెట్టుకుని అన్న మాట జవదాటని మంచిదనాన్ని ఏమనాలో నాకు తెలియదు. తెలిసినా చెప్పను, మా నాయన కదా.

చీర పూర్తి కాకముందే వాన వచ్చింది.

మధ్యాహ్నం ఎండ మండిపోయి, సాయంత్రానికి ఒక్కసారిగా మబ్బు కమ్మి, ధారలుగా కొట్టింది. వీధి వీధంతా బయటికి వచ్చి తడిసింది. పిల్లలు ఎగిరారు, ముసలివాళ్లు ఏడ్చారు. మేమూ సంతోషించాం. వాన కాస్త తగ్గి దీపాలు పెట్టే వేళకు ఉసిళ్లు లేచాయి. మా వైపు ఈసుళ్లు అంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఉసిళ్లు అంటే వేరే పురుగు కాదు. చెదలకే తొలకరి వానకు రెక్కలొస్తాయి. గోడలో ఉన్నంతకాలం చెద, రెక్కలొచ్చి ఎగిరితే ఉసిలి. వాటిని దీపం పెట్టి, కింద నీళ్ల గంగాళం పెట్టి పడతారు. ఆరబెట్టి, రెక్కలు చెరిగేసి, వేయించి, బొరుగుల్లో ఉప్పు కారం వేసి కలుపుకుని తింటారు. కరువు నేలలో అది మాకు ఏడాదికొక్కసారి దొరికే కమ్మని తిండి. మా పెద్దనాయనకు మహా ఇష్టం.

"ఈసుళ్లు లేస్తాండాయి! గంగాళం పెట్టండి! లాంతరు తేండి!" అని ఆయన అరుగు మీద నుంచి కేకలు. పుట్ట ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ గొంతులో అంత భక్తి నేను వినలేదు. మా పెద్దమ్మ వాకిట్లో గంగాళం పెట్టింది. నేను లాంతరు వేలాడదీశాను.

లోపల మిద్దె కారుతోంది. మా నాయన గుంతలో నిలబడి, పడుగు తడవకుండా మగ్గం మీద గోనెపట్టలు కప్పుతున్నాడు. మా అమ్మ గిన్నెలు పెట్టడానికి మగ్గం గదిలోకి వెళ్లింది. నేను ఇంకో లాంతరు పట్టుకుని వెనకే వెళ్లాను. వెళ్లేసరికి నేలంతా ఉసిళ్లు. మగ్గం మీద, గోనెల మీద, మా నాయన భుజాల మీద. పుట్టలో నుంచి వస్తున్నాయనుకున్నాను. మా అమ్మ నా చేయి పట్టుకుని లాంతరు పైకెత్తింది. పుట్టలో నుంచి ఒక్కటీ రావడం లేదు. దూలంలో నుంచి వస్తున్నాయి. నడిమి గోడ కొన దగ్గర చీలిక విచ్చుకుని, జొన్నల మూట చినిగినట్టు కిందికి రాలుతున్నాయి. దూలం నిండా అవే. కొయ్య లేదు. ఆ పైన వాన తాగిన చవుడు మన్ను.

"ఓ పాప నాయనా! జల్దీ పైకి రా! రా బయటికి!" అని మా నాయనను చూసి కేక పెట్టింది.

"పడుగు తడుస్తాదే, ఈ ఒక్క గోనె..."

మా అమ్మ నా చేయి వదిలేసింది. వెళ్లి మా నాయన రెండు చంకల కిందా చేతులు వేసి, గుంతలో నుంచి బయటికి లాగింది. పక్కగా పడేసి గడప దాకా ఈడ్చింది. ఆమె మా నాయన కంటే చిన్న మనిషి. ఎట్లా లాగిందో నాకు తెలియదు. గడప మీద ముగ్గురం కలిసి పడ్డాం. వెనక ఠపీమని ఒక చప్పుడు, ఆ తర్వాత మన్ను కూలిన చప్పుడు. లాంతరు ఆరిపోయింది.

వీధిలోని వాళ్లు దీపాలు తెచ్చారు. దూలం మగ్గం గుంతకు అడ్డంగా పడి ఉంది. మా నాయన కూర్చునే చోటంతా మన్ను. మగ్గం ముక్కలైంది. చీర మన్ను కింద ఎక్కడో ఉంది, ఒక్క జరీ కొస మాత్రం బయటికి కనపడింది. విరిగిన దూలం చూసి అందరూ నోళ్లు తెరిచారు. పైకి చెక్క పొర, లోపల అంతా మట్టి. మా నాయనకు ఒంటి మీద గీరుకున్న గాయాలు తప్ప ఏమీ కాలేదు. ఆయన తన మగ్గాన్ని చూస్తూ నిలబడ్డాడు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ మగ్గం మీదే మేం ముగ్గురం బతికాం.

మా పెద్దనాయన జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. నేను ప్రాణం పోయినా ఆ మాట మరిచిపోను.

"చూసినారా తల్లి మహిమ! ఈసుళ్ల రూపంలో వచ్చి హెచ్చరించింది. నా తమ్ముణ్ణి కాపాడింది!"

కొందరు నిజంగానే చేతులు జోడించారు. అందులో మాకు వావివరసలు ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. సిగ్గులేని జనం. కాపాడిన మనిషి అక్కడే నేల మీద కూర్చుని ఆయాసపడుతోంది, ఆమె వైపు ఒక్కడు చూడలేదు. మా అమ్మ లేచింది. కొంగుతో మొహం తుడుచుకుని, వాకిట్లో గంగాళం నిండా పడిన ఉసిళ్లను వడగట్టి, చేటలో ఆరబోసింది. నాకు ఆమె మతి పోయిందేమో అనిపించింది.

తెల్లారాక గడ్డపార తీసుకుని మన్ను మీదుగా నడిచి మూలకు పోయింది. మా పెద్దనాయన అడ్డం వచ్చాడు. "పాపం తగుల్తాదమ్మా!"

"తగలనీ. నువ్వు జరుగు."

బావను ఆమె 'నువ్వు' అనడం నేను అదే వినడం. ఆయన జరిగాడు. మూల మొత్తం నడుము లోతు తవ్వింది. తవ్విన మన్ను, దూలం ముక్కలు వీధి చివర పోసి నిప్పు పెట్టింది. ఆ తవ్విన గుంతలో కాచిన నూనె పోసింది, వీధి కొట్లో కొన్న చెదల మందు పోసింది. అప్పటి వరకు పాలు పోసినవాళ్లు అంత దూరంలో నిలబడి చూశారు. ఎవరికీ ఏ పాపమూ తగలలేదు. మందు ఘాటుకు ఆమె అరచేతులు మాత్రం పొక్కాయి.

ఆ గదిని మళ్లీ నిలబెట్టుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. ఎనభైల్లో చాలా భాగం మా నాయన పక్క వీధిలో పరాయి మగ్గంలో కూలికి నేశాడు. చివరికి బండల మిద్దె వేయించి, కొయ్య ముక్క కూడా లేకుండా ఇనుప పట్టాలు వేయించింది మా అమ్మ. అప్పుడు కూడా పునాదిలో మందు చల్లించింది. ఇనుమును చెదలు తినవు కదమ్మా అని మేస్త్రీ నవ్వితే, "మా ఇంట్లోవి తింటాయిలే" అంది.

అయితే నేను చెప్పాల్సింది ఆ తెల్లారిన రోజు మధ్యాహ్నం సంగతి. మా అమ్మ పొక్కిన చేతులతోనే పొయ్యి వెలిగించింది. ఆరిన ఉసిళ్లను చెరిగి, పెనం మీద దోరగా వేయించి, బొరుగులు కలిపింది. కమ్మటి వాసన వీధంతా పోయింది. పళ్లెం నిండా పెట్టి, అటు వాటాలోకి తీసుకెళ్లింది. నేనూ, మా నాయనా వెనకే వెళ్లాం, ఏమవుతుందోనని. మా పెద్దనాయన నూనె పట్టించిన దూలాల కింద, హార్మోనియం పక్కన, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మా అమ్మ పళ్లెం ఆయన ముందు పెట్టింది.

"నీ తల్లి బిడ్డలు. తిను బావా."

ఆయనకు అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం పళ్లెం వంక చూశాడు. పళ్లెం తోసేస్తాడనుకున్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంటాడేమోనని కూడా అనుకున్నాను. ముక్కు పుటాలు అదిరాయి, వాసన తగిలింది. చేయి చాచి పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకో పిడికెడు తీశాడు.

అప్పుడు మా నాయన నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పని మనిషి, ఇన్నాళ్లూ ఆ మాట నోట రానివ్వని మనిషి, గడప దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు.

"అన్నా, నువ్వు తింటాండేది చెదలు."

మా పెద్దనాయన నములుతూనే తల అడ్డంగా ఊపాడు.

"చెదలు కాదురా, ఈసుళ్లు" అన్నాడు. "ఉప్పు కొంచెం తక్కువైనాది."